మాధవక్క జమ్దానీ, నా కత్తెర

నిన్న పొద్దున ఫోన్ తీసేసరికి మా పాత దోహా గ్రూప్‌లో బోలెడు మెసేజ్‌లు. ఎవరిదో పెళ్ళిరోజు అనుకున్నాను.

మాధవక్క పోయింది. కాకినాడలో, నిద్రలోనే.



తర్వాత మెసేజ్‌లు చదివాను. చదివేకొద్దీ ఒళ్ళు మండింది. అందరికీ ఆవిడ పులిహోర గుర్తుందట. గుత్తొంకాయ గుర్తుందట. "మంచి హోమ్‌మేకర్" అని ఒకరు.

ఆవిడ ఆర్టిస్ట్ అని ఒక్కరూ అనలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. తొంభైల్లో దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో మాదీ వాళ్ళదీ ఒకే బిల్డింగ్. పెళ్ళికి ముందు అక్క బెంగాల్లో ఫైన్ ఆర్ట్స్ చదివి, అక్కడి నేతగాళ్ళ ఇళ్ళలో కూర్చుని జమ్దానీ నేర్చుకుంది. పల్చటి నూలు బట్ట నేస్తూ, ఒక్కో పువ్వుకీ విడిగా దారం చేత్తో దూర్చే పని అది.

బావగారి కంపెనీ కార్పెంటర్ ప్యాకింగ్ చెక్కలతో మగ్గం చేసిపెట్టాడు. దాంతో హాల్లో సోఫాకి చోటు లేకుండా పోయింది. వచ్చినవాళ్ళంతా "కర్టెన్లా?" అని అడిగేవారు.

కర్టెన్లట.

అక్క పువ్వులూ తీగలూ మానేసి క్రేన్లు, వాటర్ ట్యాంకులు, సగం కట్టిన బిల్డింగులు నేసేది. నేత బెంగాల్ది, బొమ్మ మా కిటికీలోది.

బట్ట వెనకవైపు మిగిలే దారపు కొసలు కత్తిరించడం నా పని. తనే నేర్పింది. "బట్టకి తగలకుండా కొయ్యవే" అనేది.

ఒకసారి ఒక హోటల్లో ఆడవాళ్ళ ఎగ్జిబిషన్ పెట్టారు. అక్కకి ఒక గోడ ఇచ్చారు. ఆ ఒక్క గోడ కోసం ఎనిమిది నెలలు కూర్చుని ఇసుకగాలిని నేసింది.

ఎగ్జిబిషన్ రోజు మధ్యాహ్నం, బట్ట వేలాడదీసే కర్ర కొనడానికి అక్క బజారుకి వెళ్ళింది. నేను బట్ట తిప్పి చూస్తే వెనక కొసలన్నీ జానెడు పొడుగున్నాయి. పాపం టైమ్ చాలలేదేమో అనుకున్నాను. వచ్చాక అడుగుదామన్న బుద్ధి లేదు.

ఒక్కటి మిగల్చకుండా కత్తిరించాను. పైగా ఇస్త్రీ కూడా చేశాను.

ఆ కొసలే గాలి. బట్టని వెనక్కి తిప్పి వేలాడదీస్తే, ఏసీకి అవి ఊగుతూ ఇసుక లేస్తున్నట్టు కనిపించాలి. అదీ అక్క ఆలోచన. ఎనిమిది నెలల ఆలోచన.

అక్క వచ్చింది. నేల మీద దారపు ముక్కలు చూసింది. బట్ట మడిచి చంకలో పెట్టుకుంది.

"సర్లే, పద. టైమైపోతోంది" అంది.

హోటల్లో ఆర్గనైజర్, మన తెలుగావిడే, బట్ట మగ్గం మీదుండగా చూసిన మనిషి, "ఆ దారాలేవి?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే అక్క అంది: "నేనే కోసేశానండీ. బాలేదనిపించింది."

"చేతులారా పాడుచేసుకున్నావు" అన్నారావిడ, అందరి ముందూ.

అక్క తలూపింది. నేను పక్కన జ్యూస్ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

మళ్ళీ ఎవరూ గోడ ఇవ్వలేదు. మరుసటి వేసవికి మగ్గం విప్పేశారు.

ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ మాట ఎత్తినా "ఖలాస్, పాతవి తవ్వకే" అనేది. కోపంగా ఉందక్కా నీ మీద. ఒక్కసారి చెడామడా తిట్టి ఉంటే ఏం పోయేది? నా మీద నాకున్న కోపం సంగతి చెప్పక్కర్లేదు.

ఇందాక ఆ ఆర్గనైజర్ గారు కూడా గ్రూప్‌లో రాశారు. "మంచి చెయ్యి. ఓపిక లేక తన పని తనే పాడుచేసుకుంది" అని.

మేడమ్, మీరు చదవండి. అందరూ చదవండి.

ఆ దారాలు కోసింది మాధవక్క కాదు. నేను.

వెళ్ళిరా అక్కా. నీకు శాంతి దొరకాలి.

నాకు ఇప్పట్లో దొరక్కపోయినా ఫర్వాలేదు.