హెడ్లీ కెప్టెన్ వంకర పరుగు

హెడ్లీ పైక్‌కు తిన్నని దారి అంటే గిట్టదు. పరుగు పందేనికి దారి చూపే జెండాలు పాతమని ఆయనకు అప్పగిస్తే, బడి దగ్గర మొదలై చర్చి దగ్గర ముగియాల్సిన దారి కాస్తా ఎవరి పెరట్లోకో దూరి, ఎవరి కట్టెల కొట్టం చుట్టూనో ఓ ప్రదక్షిణ చేసి, బుద్ధి పుట్టినప్పుడు వెనక్కి వస్తుంది. ఈ మనిషే ఉద్యోగం చేసినన్నాళ్ళూ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ పొగమంచులో ఫెర్రీ నడిపాడు. ఒక్కనాడూ రేవు తప్పలేదు. నేలమీద కాలు పెట్టేసరికి మాత్రం ఆయనకు ఏమవుతుందో లాంప్ కోవ్ ఊళ్ళో ఎవరికీ అంతుపట్టేది కాదు.

అందరికంటే ఎక్కువగా వెర్నా నోజ్‌వర్దీకి అంతుపట్టేది కాదు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఉత్తరం వేస్తే చిరునామాకే చేరాలి, మనిషి బయల్దేరితే అనుకున్న చోటికే చేరాలి అనేది ఆమె సిద్ధాంతం. అలాంటి ముక్కుసూటి మనిషిని తీసుకొచ్చి హెడ్లీ నడిపే పరుగుకు కార్యదర్శిని చేశారు. ఇద్దరూ పోట్లాడుకుంటుంటే చూడటానికే కొందరు కమిటీ సమావేశాలకు వచ్చేవాళ్ళు.

అది క్రిస్మస్ మర్నాడు జరిగే వేషగాళ్ళ పరుగు. పండగ రోజుల్లో ఆ ఊళ్ళో జనం వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు, ఇంటివాళ్ళు ఎవరెవరో పోల్చాలి. పోల్చాక కేకు, రమ్ము. పరుగుకూ అవే వేషాలు. మగవాళ్ళు భార్యల నైటీలు తొడుక్కుంటారు, ఆడవాళ్ళు మొగుళ్ళ రబ్బరు బూట్లు వేసుకుంటారు, అందరూ మొహానికి లేసు కర్టెను కప్పుకుంటారు. గొంతు పట్టేస్తారని ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. అలా మాట్లాడుతూ ఐదు కిలోమీటర్లు పరిగెత్తడమంటే మాటలు కాదు. గెలిచినవాడికి పండ్ల కేకు ఇస్తారు గానీ, కర్టెను ఎత్తేదాకా గెలిచింది ఎవరో వాడి పెళ్ళానికి కూడా తెలియదు.

వెర్నా కార్యదర్శి అయిన మొదటి ఏడాదే జనం చర్చి వైపు పోకుండా రేవుకు దిగి, ఆంబ్రోస్ చేపల కొట్టం చుట్టూ తిరిగి, వచ్చిన దారినే వెనక్కి వచ్చారు. ఆంబ్రోస్ అప్పుడే గుండె ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడి ఉన్నాడు. కిటికీలోంచి, "ఆ వెనకాల ఏడుస్తూ పరిగెత్తేది సెల్బీగాడే! ఆ పిక్కల్ని చీకట్లోనైనా పోలుస్తా!" అని డాక్టరు వద్దన్నా వినకుండా గొంతు చించుకుని అరిచాడు.

"కెప్టెన్, రేవుకెందుకు తిప్పావు?" అని వెర్నా నిలదీసింది.

"మ్యాపు తలకిందులుగా పట్టుకున్నా తల్లీ," అన్నాడు హెడ్లీ, ఏమాత్రం సిగ్గు లేకుండా.

తర్వాతి ఏడాది పరుగు మొత్తం ఫిలొమీనా రోచ్ పెరట్లోకి దూరింది. ఆ పెరట్లో తీగమీద ఆరేసిన బట్టలు చలికి బిగుసుకుపోయి ఉన్నాయి. అందరికంటే ముందున్నవాడు వంగకుండా వెళ్ళి, గడ్డకట్టిన చెడ్డీతో మొహాన లెంపకాయ తిని, మంచులో కూలబడ్డాడు. వాడిమీద ఇంకొకడు. మొగుడు పోయినప్పటి నుంచి గడప దాటని ఫిలొమీనా మేడ కిటికీలోంచి అదంతా చూసి, కట్టుడు పళ్ళు ఊడిపోయేంతగా నవ్వింది.

"ఈసారి ఏమైంది?"

"దుప్పి వచ్చి జెండాలు తినేసింది వెర్నా."

"నారింజరంగు గుడ్డ దుప్పి తింటుందా?"

"పండగపూట దానికి మాత్రం ఏదైనా కొత్తగా తినాలని ఉండదూ?"

వెర్నాకు చిర్రెత్తుకొచ్చింది. మూడో ఏడాదీ దారి తప్పితే హెడ్లీ పొగమంచు అన్నాడు. ఆ రోజు ఎండ ఫెళ్ళున కాస్తోంది. హెడ్లీ భార్య బ్రైడ్‌కు చెప్పుకుంటే ఆవిడ టీ కలుపుతూ, "నాకెందుకు చెప్తావు? మా ఆయన వంటింట్లోంచి హాల్లోకి రావాలన్నా పక్కింటివాళ్ళని పలకరించి వస్తాడు," అంది.

ఇక లాభం లేదనుకుని వెర్నా సెయింట్ జాన్స్ పట్నంలోని పరుగుల సంఘానికి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. దారి సరిగ్గా ఐదు కిలోమీటర్లుంటే సంఘం గుర్తింపు ఇస్తుంది. గుర్తింపు వస్తే సంఘం వేసే పరుగుల క్యాలెండర్లో లాంప్ కోవ్ పేరు పడుతుంది. ఆ ఒక్క పేరు కోసం ఆమె ఏళ్ళ తరబడి కొట్లాడుతోంది. చివరికి కర్టిస్ వోకీ అనే పెద్దమనిషి తానే వచ్చి, పరుగులో పరిగెత్తి చూస్తానని ఒప్పుకున్నాడు.

కమిటీలో వెర్నా బల్ల గుద్ది చెప్పింది. "ఈసారి గనక దారి తప్పిందో, పరుగు నా చేతికి రావాలి. కెప్టెన్ జెండాలు ఇచ్చేసి ఇంట్లో కూర్చోవాలి."

అందరూ హెడ్లీ వైపు చూశారు. ఆ పరుగు పెట్టిందే ఆయన. అది తప్ప ఆయనకు పండగ లేదు. ఆయన చెవి గోక్కుని, "న్యాయమే తల్లీ. గీత గీసినట్టు పెడతాను," అన్నాడు. వెర్నా ఎందుకైనా మంచిదని మ్యాపుమీద దారిని ఎర్రసిరాతో దిద్ది, పైవైపు ఏదో కింది వైపు ఏదో రాసి మరీ చేతిలో పెట్టింది.

సరిగ్గా క్రిస్మస్ ముందు, మెట్లమీద మంచు కరగడానికి ఉప్పు చల్లుదామని బయటికొచ్చి, చల్లాల్సిన మెట్టుమీదే కాలుజారి పడింది వెర్నా. కాలు విరిగింది. తొడదాకా సిమెంటు కట్టు వేసి పంపించారు. ఆమె ఇల్లు కొండమీది సందులో ఆఖరిది. దాని తర్వాత దారి లేదు, గాలి మాత్రమే ఉంది. ఊరివాళ్ళు ఫ్రిజ్ పట్టనంత సూపు తెచ్చి పెట్టారు, పాపం. కానీ పండగ వేషాలు మాత్రం ఆ మంచువాలు ఎక్కి రాలేదు. క్రిస్మస్ సాయంత్రం ఆమె కేకు కోసి, గ్లాసులు సర్ది, తలుపు గడియ తీసి కూర్చుంది. ఎవరూ తట్టలేదు. ఈ వయసులో వేషాలేమిటిలే అని తనకు తాను చెప్పుకుంది గానీ, ఆమెకు నిజంగా ఏడుపొచ్చింది.

మర్నాడు కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని, బైనాక్యులర్స్ పెట్టుకుని కిందికి చూసింది. బడి దగ్గర గుంపు కదిలింది. నైటీలు, దిండు పొట్టలు, బూట్లు అన్నీ తిన్నగా రోడ్డు పట్టుకుని వస్తున్నాయి. నారింజ జెండాలు గీత గీసినట్టున్నాయి. వెర్నా గెలిచింది. గెలిచినందుకు కుర్చీలో ఎగిరి గంతేయాలి. కాలు సంగతి అటుంచి, ఆమెకు ఎగరాలనే అనిపించలేదు.

పోస్టాఫీసు మలుపు దగ్గర ముందున్నవాడు చర్చి వైపు పోకుండా కొండవైపు తిరిగాడు.

"అటు కాదురా గాడిదా!" అని వెర్నా కిటికీ అద్దంలోంచి అరిచింది. వాడి వెనక రెండోవాడు తిరిగాడు. ఆ వెనక ఊరంతా తిరిగింది. జారుతూ, ఒకళ్ళ నైటీ ఒకళ్ళు పట్టుకుని, కొందరైతే బొత్తిగా నాలుగు కాళ్ళమీద, మంచువాలు ఎక్కేస్తున్నారు.

తిట్టడానికి ఆమె కిటికీ అద్దం పైకెత్తింది. గులాబీరంగు నైటీలో ఉన్న ఓ కొండంత శాల్తీ వచ్చి కర్టెను మొహం లోపలికి పెట్టి, ఊపిరి పీలుస్తూ, "నేనెవరో... చెప్పుకో... వెర్నా!" అంది.

"దారి తప్పార్రా" అనబోయిన నోట్లోంచి, "సెల్బీ! ఆ నైటీ మీ అమ్మది కదరా! చెప్పి తెచ్చావా?" అని వచ్చేసింది.

సెల్బీ కర్టెను ఎత్తి పళ్ళన్నీ చూపించి, ఆమె ఉత్తరాల డబ్బా చుట్టూ తిరిగి కిందికి జారిపోయాడు. వెనక ఇంకొకడు. ఆ వెనక ఇంకొకరు. పరుగు సంగతి మర్చిపోయి అందరూ కిటికీ దగ్గర వరసలో నిలబడ్డారు. నడకను బట్టి కొందరిని, దగ్గును బట్టి కొందరిని, అరువు తీసుకుని ఇంకా తిరిగివ్వని తన సొంత గొడుగును బట్టి ఫిలొమీనాను వెర్నా పోల్చింది. ఆంబ్రోస్ కూడా వచ్చాడు, ఆపరేషన్ చేయించుకున్న గుండె పట్టుకుని. కిటికీ అవతల ఫిలొమీనానూ ఆంబ్రోస్‌నూ పక్కపక్కన చూసేసరికి ఆమెకు అంతా అర్థమైంది. ఎవరు గడప దాటలేకపోతే పరుగు వాళ్ళ గడపకు వచ్చేది. తానేమో దుప్పిమీద నేరం మోపినందుకు హెడ్లీతో నెలలపాటు మాట్లాడలేదు. ఆమెకు సిగ్గూ వేసింది, సంతోషమూ కలిగింది.

అందరికంటే చివర, బ్రైడ్ పండగ కోటు తొడుక్కుని, నెత్తిన టేబుల్ లైటు గొడుగు పెట్టుకుని ఒక శాల్తీ వచ్చింది. నేలమీద కూడా పడవ ఊగుతున్నట్టు కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాడు ఊళ్ళో ఒక్కడే.

"ఈసారి ఏం సాకు, హెడ్లీ?"

"సాకేముంది తల్లీ. ఇక్కడో ఇల్లుందని మర్చిపోయాను." ఆయన మిగిలిన జెండాల కట్ట తీసి కిటికీ గట్టుమీద పెట్టాడు. "మాటంటే మాటే. పరుగు ఇక నీది."

ఆమె ఏదో అనబోతుండగా, మంచులో ఎవరో పాకుతూ వచ్చి గట్టు పట్టుకుని లేచారు. మెరిసే బిగుతు పంట్లాము. దారిలో ఎవరో నెత్తిన పడేసిన వంటింటి కర్టెను. చెయ్యి పైకెత్తి టైము చూసుకుంటున్నారు.

"ఉండండి, చెప్పకండి! వోకీగారు!" అంది వెర్నా. "ఇంత ఎత్తున కూడా వాచీ చూసుకునేవాళ్ళు మా ఊళ్ళో లేరు."

వోకీ కర్టెను తీసి, చాలాసేపు రొప్పాడు. "మేడమ్, మ్యాపులో ఈ కొండ లేదు."

"లేదండీ."

"చూడండి, మీరు ఎన్నిసార్లు ఫోన్ చేశారో నాకు తెలుసు. ఇది పొరపాటని ఒక్క మాట అనండి. మ్యాపులో ఉన్న దారికే గుర్తింపు ఇచ్చేస్తాను. వచ్చే ఏడాది నుంచి ఆ దారినే పరిగెత్తండి."

హెడ్లీ తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. వెర్నా ఆ బూట్లను చూసింది, జెండాల కట్టను చూసింది. క్యాలెండర్లో ఊరి పేరు ఎంత అందంగా ఉండేదో కూడా ఒక్క క్షణం తలుచుకుంది.

"పొరపాటెందుకవుతుందండీ? పరుగు నాది. దారి ఇదే," అంది. "కెప్టెన్, నిలబడతావేం, ఆయనకి రమ్ము పొయ్యి. కొండెక్కి వచ్చారు పాపం."

వోకీ గ్లాసు అందుకుని, అలవాటు కొద్దీ అడిగాడు. "మరి దీని పొడవెంత?"

"ఈ ఏడాదికి మా ఇంటిదాకా."

"వచ్చే ఏడాదికి?"

"అది ఎవరి కాలు విరుగుతుందో దాన్నిబట్టి ఉంటుంది."

వోకీ తాను దిగి వెళ్ళాల్సిన మంచువాలు వైపు ఒకసారి చూశాడు. గ్లాసు ఖాళీ చేసి గట్టుమీద పెట్టి, వంగి బూట్ల లేసులు గట్టిగా బిగించుకున్నాడు.