బిగువు మేజోడు

హనుమంతమ్మ ఎడమ కాలి చీలమండ పైన లేచిన పుండు మానడానికి ఏడాది దాటింది. మంత్రాలయం రోడ్డు మీద, బస్సులు ఆగే చోట, ఇంటి ముందరి పంచలోనే ఆమెకు ఉగ్గాని, బజ్జీల అంగడి ఉంది. పెళ్లయిన కొత్తలో పెట్టింది. అప్పట్నుంచీ తెల్లారింది మొదలు ఎండ ఎక్కేదాకా పొయ్యి ముందు నిలబడే పని. నిలబడీ నిలబడీ కాలి నరాలు ఉబ్బాయి, చర్మం నల్లబడింది. ఒకనాడు కట్టెపుల్ల గీసుకున్న చోట పుండు పడి, ఇక మూసుకోలేదు. కట్టు కట్టుకుని కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. దాని వాసన మరిగే నూనె వాసనలో కలిసిపోతుందనుకుంది. కలవలేదు. బెంచీ మీద కూర్చునేవాళ్లు ఒక్కొక్కరే రోడ్డుకు అవతలున్న హోటలుకు మళ్లారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంగడి ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం తల అటు తిప్పుకునేవాళ్లు. చివరికి ఆమే పొయ్యి ఆర్పేసింది.

పుండు మానాక ఆదోనిలో డాక్టరు కాలిని బిగించి పట్టే మేజోడు ఒకటి రాసిచ్చాడు. కట్టు కట్టే నర్సు విశ్వాసమ్మ దాన్ని చేతికిచ్చి మరీమరీ చెప్పింది.

"పుండు మానింది గానీ లోపల నరాలు బాగుపడలేదక్కా. ఈ సాక్సు లేకుంటే మళ్లా తెరుచుకుంటాది. పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవల్ల. నిలబడినావంటే కాలికి నీరు దిగుతాది, ఆ తర్వాత తొడుక్కొని లాభం లేదు. రాత్రి పండుకునేటప్పుడు ఇప్పెయ్."

"ఎన్నాళ్లు సిస్టరమ్మా?"

"పొయ్యి దగ్గర నిలబడినన్నాళ్లూ."

ఒంటి రంగు మేజోడు. వేళ్ల దగ్గర తెరిచి ఉంది కాబట్టి మెట్టెలు తీయాల్సిన పని లేదు. మోకాలి దాకా రావలసిందే గానీ, చూడటానికి బడిపిల్లల సాక్సంత ఉంది. హనుమంతమ్మకు నడుం వంగదు, వేళ్లలో పట్టు తగ్గింది. కూతురు భువన రాయచోటిలో కాపురముంటోంది. ఇక ఇంట్లో మిగిలింది భర్త లక్ష్మన్న. ఆయనే మంచం ముందు గొంతుకూర్చుని, ఆమె మడమను తొడ మీద పెట్టుకుని, పళ్లు బిగించి పైకి లాగేవాడు. పొరపాటున కాలు తగిలితేనే కళ్లకు అద్దుకునే మనిషి ఆమె. తొడగడం అయిన ప్రతిసారీ వంగలేక వంగి ఆయన భుజం తాకి కళ్లకు అద్దుకునేది.

"సాక్సు తొడిగినందుకు పూజ చేస్తాండావు. నేనేమన్నా దేవున్నేమే?" అనేవాడు లక్ష్మన్న.

"గట్టిగా అరవాకు. గడియ పెట్టినావా?"

అంగడి మళ్లీ తెరిచారు. బెంచీ మెల్లగా నిండింది. మిరపకాయలు, ఎర్రగడ్డలు తరిగేందుకు పక్కింటి పెద్దక్క రోజూ తెల్లారకముందే వచ్చేది. ఒకరోజు గడియ సరిగ్గా పడలేదు. ఆమె తలుపు తోసింది, చూసింది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి పోయింది. పోయి ఊరుకోలేదు. అంగడి నిండా జనం ఉన్నప్పుడు కత్తిపీట ముందు కూర్చుని అంది:

"ఏమ్మా హనుమంతమ్మా, మొగునితో కాళ్లు పట్టిచ్చుకుంటాండావే! ఆ మంత్రమేదో మాకూ చెప్పు తల్లీ."

బెంచీ అంతా నవ్వింది. లక్ష్మన్నా నవ్వాడు. హనుమంతమ్మ నవ్వలేదు. ఆ వాయి బజ్జీలు మాడిపోయాయి.

ఎట్లాగైనా తనే తొడుక్కోవాలని ఆరోజే అనుకుంది. కరిచే కొత్త చెప్పులను ఊళ్లో అందరూ ఎట్లా లొంగదీస్తారో ఆమెకు తెలుసు. ఆముదం పట్టిస్తారు, లోపల ఏదైనా కుక్కి సాగదీస్తారు. ఆమె కూడా మేజోడుకు ఆముదం పట్టించి, రోట్లో పొత్రం మీదికి లాగి తొడిగి, తెల్లారేదాకా ఉంచింది. కొన్ని రాత్రులు అట్లా చేసేసరికి మేజోడు మెత్తబడింది. ఒక పొద్దున తనే మంచం మీద కూర్చుని, తువ్వాలు చివరతో పట్టి లాక్కుంటూ ఎక్కించుకుంది.

"ఈ పొద్దు పిలవలేదేమే?" అన్నాడు లక్ష్మన్న.

"అలవాటైపోయింది. నేనే తొడుక్కుంటాండా."

ఆయన బిందె తీసుకుని నీళ్లకు పోయాడు.

వారాలు గడిచాయి. సాయంత్రానికి పాదం బరువెక్కడం మొదలైంది. ఎండాకాలం కదా అనుకుంది. పుండు మానిన మచ్చ చుట్టూ దురద పుట్టింది. ఆముదం పడలేదేమో అనుకుంది. దురద తగ్గకపోతే లక్ష్మన్నను వెంటబెట్టుకుని ఆదోనికి పోయింది. విశ్వాసమ్మ మేజోడు పైఅంచు పట్టుకుంది. అది జారి చీలమండ దాకా వచ్చేసింది.

"ఇదేంది, ఆముదం వాసన వస్తాండాది?"

హనుమంతమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పొత్రం మాట వినగానే విశ్వాసమ్మకు నవ్వొచ్చింది గానీ, కాలు చూశాక నవ్వు ఆగిపోయింది. మచ్చ మీద చర్మం పలచబడి మెరుస్తోంది. ఒకచోట చెమటలాంటి తడి ఊరుతోంది.

"ఇంకొంచెం ఆలస్యమైతే పగిలిపోతుండె. బిగువే దాని పని కదక్కా. నీ అంతట నువ్వు సులభంగా తొడుక్కుంటాండావంటే దాంట్లో బిగువు లేనట్టే. ఎవరూ లేరా తొడిగేదానికి?"

హనుమంతమ్మ చీర అంచు కాలి మీదికి లాక్కుంది. తలుపు దగ్గరున్న లక్ష్మన్న, "నేనుండా గదా" అన్నాడు.

మర్నాడు వాపు లేని వేళ వెళ్లి కొలతలిచ్చి కొత్త మేజోడు తెచ్చుకున్నారు.

ఆ మరుసటి రోజు గురువారం. మంత్రాలయం స్వామి దర్శనానికి పోయేవాళ్లతో మొదటి బస్సు ముందుగానే వచ్చింది. హనుమంతమ్మకు మెలకువ వచ్చేసరికి పంచలో మాటలు వినిపిస్తున్నాయి. లక్ష్మన్న లేచి బయట డ్రమ్ములో నీళ్లు పోస్తున్నాడు. కొత్త మేజోడు తలాపున ఉంది.

"హనుమంతమ్మా, జనం వచ్చి కూచ్చున్నారు. ఇంకా లేయలేదా?" పెద్దక్క కేకేసింది.

వాకిలి దాకా పోయి చేత్తో సైగ చేస్తే లక్ష్మన్న లోపలికొస్తాడు. ఎవరికీ తెలియదు. కానీ దానికి కాలు కింద పెట్టాలి. ఆమె రెండు కాళ్లూ మంచం మీదే ముడుచుకుని, మచ్చ మీది పలచటి చర్మం చూసుకుంది. తలెత్తి గట్టిగా పిలిచింది.

"ఏమయ్యో! ఈడికి రా. కాలికి సాక్సు తొడగల్ల."

పంచలో మాటలు ఆగాయి. బిందె కింద పెట్టిన చప్పుడైంది.

"పోప్పా లక్ష్మన్నా, డ్యూటీ పిలుస్తాండాది" అన్నారెవరో. నవ్వులు లేచాయి.

లక్ష్మన్న లోపలికొచ్చి గడియ మీద చెయ్యి వేశాడు.

"ఉండనీ," అంది ఆమె. "వెలుతురు లేకుంటే మడమ యాడికొచ్చిందో కనపడదు. ముందు ఆ చేతులు తుడుచుకో, తడికి పట్టు జారుతాది."

ఆయన తువ్వాలుకు చేతులు తుడుచుకుని గొంతుకూర్చున్నాడు. ఆమె కాలు ఆయన తొడ మీద పెట్టింది. కొత్తది మొండికేసింది. మడమ దాటించేసరికి ఆయన నుదుట చెమట పట్టింది. వాకిట్లో ఎవరో తొంగిచూసి పక్కకు తప్పుకున్నారు.

"పెద్దక్కా," లోపల్నుంచే చెప్పింది హనుమంతమ్మ, "పొయ్యి అంటించు. వస్తాండా."