అవ్వ అన్న మాట

ఆ రోజు నిడుగల్లు సభలో ఒక ఆడమనిషి లేచి తన పొలం సంగతి అడిగింది. వేదిక మీద ఉన్న మంత్రిగారు ఆమె ఏమంటోందని నన్ను అడిగారు. బోరు వేయించమంటోంది సార్ అని చెప్పాను. నా జీవితంలో చాలా తప్పులు చేశాను గానీ, తెలిసి తెలిసి, అంతమంది ముందు, ఆమె మొహం చూస్తూ చేసిన తప్పు అదే. అయితే ఆ అబద్ధం ఆ రోజు పుట్టింది కాదు. దాని మొదలు చెప్పాలంటే మా సారు గురించి చెప్పాలి.

మంత్రి కాకముందు ఆయన జడ్జి. ఎనభైల మొదట్లో కర్ణాటకలోని మా పావగడ మున్సిఫ్ కోర్టుకు వచ్చారు. ఉత్తరాన ధారవాడ వైపు మనిషి. మాది పావగడ బజారులో వేరుసెనగ మండీ నడిపే కుటుంబం. మండీలో కూర్చోవడం ఇష్టం లేక నేను కోర్టులో బెంచ్ క్లర్కుగా చేరాను. జడ్జి కుర్చీకి కింద నా బల్ల. రోజంతా ఆయన కంఠం నా నెత్తి మీదుగా వెళ్లేది.

ఆయన లంచం ముట్టని మనిషి. ఈ మాట నేను ఎవరి ముందైనా చెబుతాను. వచ్చిన కొత్తలో ఒక ఊరి పెద్ద ఆయన ఇంటికి వేరుసెనగ కాయల మూట పంపాడు. సారు ఆ మూటను కోర్టుకు తెప్పించి, పంపినవాణ్ణి పిలిపించి, పదిమంది చూస్తుండగా వాడి నెత్తి మీదే పెట్టి బయటికి నడిపించారు. ఊరంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను. ఆయన నిజాయితీకి ఎప్పుడూ చూసేవాళ్లు కావాల్సి ఉండేదని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు.

మా తాలూకాలో సాక్షులు తెలుగులోనే చెబుతారు. వాంగ్మూలం రాసేది కన్నడంలో. మొదట్లో ప్రతి మాటా నేనే కన్నడంలో చెప్పేవాణ్ణి. సాయంత్రాలు ఆయన నా దగ్గర తెలుగు నేర్చుకున్నారు. ఏంది, యాడ, ఎప్పుడు, ఎందుకు వరకు వచ్చేసరికి తెలుగు వచ్చేసిందనుకున్నారు. ఇక నేను నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టేవారు.

ఒకసారి మాత్రం నోరు జారాను. దొంగతనం కేసులో సాక్షిగా వచ్చిన ఒక రైతు, తిండి తిని మంచమెక్కినా సామీ అన్నాడు. కన్నడంలో తిండి అంటే పొద్దుటి ఫలహారం. సారు టైపిస్టుకు అలాగే చెప్పేశారు. పొద్దున్నే టిఫిన్ చేసి మంచమెక్కిన వాడు దొంగను రాత్రి ఎలా చూశాడని వకీళ్లు నవ్వడం మొదలుపెట్టారు. నేను లేచి, తిండి అంటే ఇక్కడ అన్నం సార్ అన్నాను. ఆయన కలం కింద పెట్టారు. ఈ కుర్చీలో మీరు కూర్చుంటారా అని కన్నడంలో, చాలా మర్యాదగా అడిగారు. అప్పటిదాకా రైతును చూసి నవ్వినవాళ్లు నన్ను చూసి నవ్వారు. ఆ తర్వాత నేను లేవలేదు.

ఆ ఏడాదే ఆమె కేసు వచ్చింది. నిడుగల్లు కొండ కింద ఒక చెక్క పొలం. చంటిపిల్లగా ఉన్నప్పుడే తల్లి పోతే ఆమెను నాయనమ్మ పెంచింది. మా వైపు నాయనమ్మనైనా అమ్మమ్మనైనా అవ్వ అనే అంటాం. ఆ అవ్వ పోయే ముందు పొలం మనవరాలికి రాసి వేలిముద్ర వేసింది. అవ్వ పోగానే ఆమె చిన్నాయన ఆ కాగితం దొంగదని పొలం దున్నేశాడు. ఆమె కోర్టుకు ఎక్కింది. మొగుడు పోయిన మనిషి, చేతికి అందివచ్చిన కూతురు ఒకతె ఉంది. ఆ పొలం తప్ప వేరే ఆధారం లేదు.

పొలం నీకెవరిచ్చినారమ్మా అని ఆమె వకీలు అడిగాడు.

“మా అవ్వ ఇచ్చింది సామీ. అవ్వే నన్ను సాకింది,” అంది ఆమె.

సారు పుట్టిన సీమలో అవ్వ అంటే కన్నతల్లి. ఆయన నా వైపు చూడకుండానే టైపిస్టుకు చెప్పారు. పొలం నాకు నా తాయి ఇచ్చింది, తాయే నన్ను పెంచింది. తాయి అంటే కన్నడంలో తల్లి. టైపు మిషను టకటకా కొట్టింది. నాకు వినబడింది. నేను బల్ల మీదున్న కట్టకు దారం ముడి వేస్తూ కూర్చున్నాను.

టైపు చేసిన వాంగ్మూలాన్ని సాక్షికి తెలుగులో చదివి వినిపించి, అవునంటే వేలిముద్ర వేయించుకోవడం నా పని. వరండాలో ఆమె ముందు కాగితం పట్టుకుని నిలబడ్డాను. కాగితంలో తాయి అని ఉంది. నా నోటి నుంచి మాత్రం, మీ అవ్వ ఇచ్చిందని చెప్పినావు, అంతే కదా అని వచ్చింది. అంతే సామీ అని ఆమె వేలు ముందుకు పెట్టింది. ఉన్నది ఉన్నట్టు చదివి ఉంటే, మా యమ్మ కాదు సామీ అని ఆమె అక్కడే అరిచేది. లోపలికి వెళ్లి దిద్దించాల్సి వచ్చేది. మళ్లీ ఆ కుర్చీ మాట పడాల్సి వచ్చేది.

ఇంకొకటి కూడా రాయాలి. ఆ చిన్నాయన తన కాయలు మా మండీకే వేసేవాడు. అందుకే ఊరుకున్నానా అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. కాదని గట్టిగా చెప్పలేను.

వాదనల రోజు చిన్నాయన వకీలు ఆ ఒక్క మాటనే పట్టుకున్నాడు. కాగితం మీద ముద్ర నాయనమ్మది, ఈమె తల్లి ఇచ్చిందంటోంది, ఏది నిజం అన్నాడు. ఆమె వకీలు లేచి, అవ్వ అంటే ఈ సీమలో తల్లి కాదు మహాస్వామీ అని మొత్తుకున్నాడు. సారు ఓపికగానే విన్నారు. తెలుగు రానివాణ్ణి కాను, నా చెవులతో విన్నాను అన్నారు. తర్వాత నా వైపు వంగారు.

“వాంగ్మూలం ఆమెకు తెలుగులో చదివి వినిపించారా? ఒప్పుకునే వేలిముద్ర వేసిందా?”

“అవును సార్,” అన్నాను.

తనకు ఆస్తి ఎవరిచ్చారో కూడా తెలియని వాది అని తీర్పులో రాశారు. కేసు కొట్టేశారు. జిల్లా కోర్టులోనూ అదే వాంగ్మూలం చూసి అదే మాట అన్నారు. ఆమె ఉన్న గొర్రెలు అమ్మి బెంగుళూరు పెద్ద కోర్టుకు రెండో అప్పీలు వేసుకుంది. అది అక్కడ అలాగే పడి ఉంది.

సారు మాత్రం ఎక్కడా పడి ఉండే మనిషి కాదు. కేసులు తొందరగా తేల్చే జడ్జి అని పత్రికల్లో వచ్చింది. పెద్ద ఊళ్లకు బదిలీ అయ్యారు, జిల్లా జడ్జి అయ్యారు. ఇంకా సర్వీసు ఉండగానే రాజీనామా చేసి పార్టీలో చేరారు. గెలిచారు. కొన్నాళ్లకు మంత్రి అయ్యారు. నన్ను మరిచిపోలేదు. నమ్మకమైన మనిషి కావాలని పిలిపించి ఆప్త సహాయకుడిగా, అంటే పీఏగా, పెట్టుకున్నారు. మా నాయన ఆ రోజు బజారంతా బెల్లం పంచాడు.

మంత్రిగా కూడా ఆయన డబ్బు ముట్టలేదు. తనకంటే ముందు ఎవరూ న్యాయం చేయలేదన్నట్టు మాట్లాడటం మాత్రం రానురాను ఎక్కువైంది. ప్రతి సభలో ఒక కథ చెప్పేవారు. ఒక ఆడమనిషి దొంగ కాగితంతో నా కోర్టుకు వచ్చింది. కాగితం నాయనమ్మది, ఆమేమో అమ్మ ఇచ్చిందంది. అబద్ధం చెప్పేవాళ్లు కన్నతల్లి దగ్గరే తడబడతారు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. కన్నడ ఊళ్లలో ఆ కథకు ఏ అడ్డూ లేదు. నేను వెనక నిలబడి, నాకేమీ సంబంధం లేనట్టు వింటూ ఉండేవాణ్ణి.

తొంభైల్లో వరసగా వానలు ఎగ్గొట్టాయి. వేరుసెనగ ఊడలు నేలలోకి దిగకుండానే మాడిపోయింది. సారు కరువు పర్యటనకు వచ్చారు. అప్పటికి ఆయన తెలుగు మూడొంతులు మరిచిపోయారు. ఆయన కన్నడంలో చెబితే మైకు పట్టుకుని నేను తెలుగులో చెప్పాలి. నిడుగల్లులో ఆయన ఆ కథ ఎత్తుకున్నారు. ఆ కథ ఈ ఊరిదేనని ఆయనకు గుర్తులేదు. నాకు గుర్తుంది. నాలుగు మాటలు మింగేసి వేరే ఏదైనా చెప్పి ఉండొచ్చు. అంతా చెప్పాను. అమ్మ ఇచ్చిందని ఒకామె అబద్ధమాడింది అనేదాకా చెప్పాను. ముందు వరసలో నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు.

ఆడవాళ్లలోంచి ఆమె లేచింది.

“ఆ ఆడదాన్ని నేనే సామీ. అవ్వ ఇచ్చిందనే ఆ పొద్దు చెప్పినా. మా యమ్మ నేను పాలు తాగేటప్పుడే సచ్చిపాయ. సచ్చినామె పొలం ఎట్లిస్తాదప్పా? మీ పక్కన నిలబడినాడే, ఆయప్పకు తెలుసు. అడగండి.”

సారు అడిగారు. నేను బోరు అన్నాను. రాసుకోండి, ఆమె పొలంలో వెంటనే బోరు వేయించండి అని ఆయన అధికారులకు చెప్పి, మైకు తీసుకుని తనే ప్రకటించారు.

“ఆయమ్మ నీళ్లడగలేదు కదప్పా,” అన్నాడు కింద కూర్చున్న ఒక ముసలాయన.

“మంత్రుల చెవుల్లో నీళ్లు పోయుంటాయిలే, వాళ్లకు అదే వినపడతాది,” అని పక్కవాడు అన్నాడు. ఈసారి జనం బాగా నవ్వారు. ఆమె నవ్వలేదు, కూర్చోలేదు. మా కార్లు కదిలేదాకా అలాగే నిలబడి ఉంది.

మంత్రి మాట కాబట్టి బోరు బండి తొందరగానే వచ్చింది. ఆమె పొలం ఏదని అధికారులు అడిగితే ఊరివాళ్లు కొండ కింద చెక్క చూపించారు. భూమి రికార్డు పహణీలో అది చిన్నాయన పేరున ఉంది. అధికారులకు కావలసింది పని అయిందనే మాట. అక్కడే వేశారు. చుట్టూ అన్ని బోర్లూ దుమ్ము కక్కుతుంటే దానిలో నీళ్లు పడ్డాయి. చిన్నాయన మా మండీకి కొబ్బరికాయ, పూలదండ తెచ్చి, ఇదంతా నీ నోటి పుణ్యం నాయనా అని నా మెడలో వేశాడు. మా నాయన సంతోషంతో చూస్తున్నాడు. దండ తీయడానికి నా చేతులు రాలేదు. నేను ఏం చేశానో నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

మరుసటి వారం అతిథి గృహంలో సారు గడ్డం గీసుకుంటుంటే మొత్తం చెప్పాను. అద్దంలోంచే నన్ను చూస్తూ విన్నారు. అప్పుడే ఎందుకు చెప్పలేదన్నారు. చెప్పనిచ్చేవారు కాదు సార్ అన్నాను. నిజమే గానీ సగం నిజం. ఆయన మొహం కడుక్కుని, తీర్పు ఇచ్చాక జడ్జికి దానితో పని లేదు, పైకోర్టు ఉంది కదా, ఈ మాట ఇంకెక్కడా అనవద్దు అన్నారు. ఆ తర్వాత కూడా కథ మానలేదు. ఊరిని మాత్రం వేరే తాలూకాకు మార్చారు.

నేను నిడుగల్లు వెళ్లాను. ఎవరిదో చేలో కూలికి కాయలు ఒలుస్తోంది ఆమె. నేను చేసిందంతా చెప్పి, క్షమించమన్నాను. ఆమె చేతిలో పని ఆపలేదు.

“ఇప్పుడొచ్చి నాకెందుకు చెప్తావు? మా అవ్వ ఎవరో నాకు తెలీదా? చెప్పాల్సిన చోట చెప్పుపో.”

ఉద్యోగానికి రాజీనామా రాసి సారు బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, మూర్ఖుడివి అన్నారు. అదే మా చివరి మాట. బెంగుళూరులో ఆమె వకీలును వెతికి పట్టుకుని, ప్రమాణపత్రం రాసిచ్చాను. చాలా తిరుగుళ్ల తర్వాత పెద్ద కోర్టు కేసును మళ్లీ విచారించమని పావగడకు పంపింది. నా రాజీనామాను మాత్రం పై అధికారులు ఒప్పుకోలేదు. నా మీద విచారణ పెట్టి ఉద్యోగం నుంచి తీసేశారు. పింఛను లేదు. ఇది చెప్పుకోవడం జాలి కోసం కాదు, అది నాకు రావలసిందే.

అదే కోర్టులో, ఈసారి బోనులో నిలబడ్డాను. చిన్నాయన వకీలు నన్ను వదల్లేదు. అప్పుడు అవునన్నావు, ఇప్పుడు కాదంటున్నావు, ఎప్పుడు అబద్ధమాడావు అన్నాడు. అప్పుడే ఆడాను అన్నాను. అబద్ధమాడేవాడి మాట ఇప్పుడు మాత్రం ఎందుకు నమ్మాలి అన్నాడు. కాగితం మీద సాక్షి సంతకం చేసిన ముసలివాడు ఇంకా బతికే ఉన్నాడు. ఆయన వచ్చి, ఆ అవ్వ వేలు పట్టి ముద్ర వేయించింది నేనే అన్నాడు. తీర్పు ఆమె వైపు వచ్చింది. అప్పటికి ఆ బోరు ఎండిపోయింది. కూతురు కూలి పనికి సూరత్తు వైపు వెళ్లిపోయి చాలా కాలమైంది.

పొలం ఆమెకు అప్పగించే రోజు కోర్టు అమీను, సర్వేయరు వచ్చారు. నేనూ వెళ్లాను, నన్ను ఎవరూ పిలవలేదు. చిన్నాయనకు జడిసి ఊళ్లో ఎవరూ కొలత గొలుసు రెండో కొస పట్టడానికి ముందుకు రాలేదు. నేను పట్టుకున్నాను. ముళ్లకంపల్లోంచి నాలుగు పక్కలా గొలుసు లాగాం. ఆమె గట్టు మీద నిలబడి చూస్తోంది. సర్వేయరు చూపించిన నాలుగు మూలల్లో గుంతలు తవ్వి హద్దురాళ్లు నేనే పాతాను. చివరి రాయి కదులుతుంటే ఆమె వచ్చి కాలితో మట్టి తోసి తొక్కింది. అది గట్టిపడేదాకా నేను రాయి పట్టుకుని కూర్చున్నాను.