నలభై ఏడో నంబరు నడుము

మా మామయ్య దర్జీ. ఎవరిని చూసినా ముందు ఆయన కంట్లో పడేది మొహం కాదు, భుజాలు. బంధువుల పేర్లు మరిచిపోతాడు గానీ ఫలానా ఆయన ఎడమ భుజం అరంగుళం దిగి ఉంటుందని పదేళ్ల తర్వాత కూడా చెప్పగలడు. అలాంటి మనిషి పాస్‌వర్డ్ దాచుకోవాల్సి వస్తే ఎక్కడ దాస్తాడు? కొలతల పుస్తకంలోనే దాచాడు.

ఆ పుస్తకంలో పేర్లుండవు, నంబర్లే. నలభై ఏడో నంబరు ఛాతీ, నడుము, పొడవు, భుజం, చెయ్యి వరసగా కలిపి నొక్కితే ఈమెయిల్ తెరుచుకుంటుంది. దొంగ చూసినా చొక్కా కుట్టుకోవాలే తప్ప ఇంకేం చేస్తాడని మామయ్య ధీమా.

ఆ ఈమెయిల్ పెట్టిచ్చింది మా పెద్దమామయ్య. వేరే ఊళ్లో ఉండేవాడు. ఆరేళ్ల కిందట పోయేముందు ఏడాది పొడుగునా తమ్ముడికి వారానికో ఉత్తరం రాశాడు. అవి ఇంకెక్కడా లేవు. పాత ఫోన్‌లో ఆ ఈమెయిల్ ఎప్పుడూ తెరిచే ఉండేది కాబట్టి పాస్‌వర్డ్‌తో పని పడలేదు. మొన్న ఆ ఫోన్ ఇస్త్రీ బల్ల మీంచి పడి చచ్చిపోయింది.

కొత్త ఫోన్ పట్టుకుని నేను దుకాణానికి వెళ్లాను. మామయ్య కళ్లద్దాలు సవరించుకుని అంకెలు చదివాడు, నేను నొక్కాను. తప్పంది. ఒక్కో అంకే విడదీసి మళ్లీ చదివాడు. మళ్లీ తప్పే. పాస్‌వర్డ్ మరిచిపోయామని చెబితే, కోడ్‌ను పెద్దమామయ్య నంబరుకు పంపుతానంది. ఆ నంబరు ఆయనతోనే పోయింది. ఇంకోసారి తప్పితే మొత్తానికే తాళం పడుతుందేమోనని నాకు భయం వేసింది. మామయ్య టేపు మెడలోంచి తీశాడు, మళ్లీ వేసుకున్నాడు.

కాజాలు కుడుతున్న అత్తయ్య సూది ఆపింది. పాత పుస్తకం నిండిపోతే కొత్తదాంట్లోకి ఎక్కించేది ఆవిడే. కొందరు ఏళ్ల తరబడి కనిపించకుండా, ఒకరోజు గుడ్డ పంపి పాత కొలతలకే కుట్టమంటారు. బిగుతైతే మాట పడేది మనమే కదా అని, అలాంటివాళ్లకు ఎక్కించేటప్పుడే ఆవిడ ఓ అంగుళం కలిపేస్తుంది.

"ఆ నలభై ఏడో ఆయన ఆరేడేళ్లుగా రాలేదు. ఈపాటికి ఒళ్లు చేసి ఉంటాడని నడుముకి ఓ అంగుళం వేశాను" అంది.

నాకు నవ్వాగలేదు. అంగుళం తగ్గించి నొక్కాను. తెరుచుకుంది. పెద్దమామయ్య ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. ఇకనైనా పాస్‌వర్డ్‌ను తాళమేసి దాచే యాప్‌లో పెడదామని, కోడ్ నా నంబరుకు వచ్చేలా మారుద్దామని చెబుతున్నాను. మామయ్య వినడం లేదు. పెన్సిలు తీసుకుని, పుస్తకంలో ముప్ఫై మూడు కొట్టేసి ముప్ఫై రెండు వేస్తున్నాడు.

ఇంతకీ అవి ఎవరి కొలతలని అత్తయ్య అడిగింది.

"అన్నయ్యవి. చివరిసారి వచ్చినప్పుడు తీశాను" అన్నాడు మామయ్య. "ఒళ్లు చేసేంత టైము ఆయనకి దొరకలేదు."