ఆరు గిన్నెల దారాలు

తొంభై ఆరో సంవత్సరం, అరవోళ్ళ ఆడి మాసం కడపటి శుక్రవారం, పొద్దున పదకొండూ పది. అప్పుడు నాకు అక్షరాలు రావు గానీ గడియారం చూడటం వచ్చు. ఆ పదకొండూ పది ఇన్నేళ్ళుగా నా రొమ్ము మీదే కూర్చోనుంది. కట్టుకున్నాయన పోయేదాకా ఆయనకీ చెప్పలేదు. కొడుక్కీ చెప్పలేదు. చదివే నీకు చెప్తున్నా. నీ మొహం నాకు కనపడదు కాబట్టి.

రాయపురంలో, చేపల హార్బరు పక్కన, రొయ్యలు వొలిచే షెడ్డులో నేను మేస్త్రీని. ఆడ వొలిచేవాళ్ళు సముద్రం అవతల యుద్ధం నుంచి పడవల్లో పారిపోయొచ్చిన ఆడవాళ్ళు. సర్కారు క్యాంపులో ఉండాల్సినోళ్ళని మా ఓనరు ముదలాళి వ్యాన్లో తెచ్చి షెడ్డు వెనకే పెట్టినాడు. సగం కూలి. నోరెత్తితే పోలీసుకు పట్టిస్తానని బెదిరింపు. పొద్దస్తమానం ఐసునీళ్ళలో నాని వాళ్ళ వేళ్ళ సందులు తెల్లగా పాసిపోయేవి.

ఎవరి గిన్నె ఏదో తెలిసేదానికి గిన్నె చెవికి రంగుదారం కట్టేదాన్ని. ఆ రంగుతోనే పిలిచేదాన్ని. "ఏయ్ పచ్చదారం, నిద్రపోతా వొలుస్తుండావా?" అని. రాసుకునే చెయ్యి కాదు నాది, పేర్లతో నాకేం పని అనుకున్నా.

ఆ షెడ్డుకి వసంత వచ్చింది. పెరంబూరు పిల్ల, మన తెలుగోళ్ళే, కాలేజీలో చదివేది. ఆమే, ఆమె స్నేహితుడు భాస్కరూ ఆ వేళ్ళ ఫొటోలు అట్టలకి అంటించి కాలేజీ గేటు కాడ నిలబెట్టినారు. ఒక్కరూ ఆగి చూడలేదంట. ఆ రోజుల్లో ఆ మనుషుల మాటెత్తితే ఊళ్ళో ఎవురికీ గిట్టేది కాదు. అయినా ఆ పిల్ల వదల్లేదు. తడినేల మీద గొంతుక్కూర్చోని ఒక్కొక్కరి పేరూ అడిగి నోటుబుక్కులో రాసుకునింది. నేను మేస్త్రీ ముక్కాలి పీట మీద కూర్చోని వింటా ఉండినా.

ఆ బుధవారం నన్ను పక్కకి పిలిచింది.

"పెద్దమ్మా, ఎల్లుండి పదకొండింటికి లేబర్ ఆఫీసర్ని తీసుకొస్తున్నాం. ఆయన కళ్ళకి వీళ్ళు కనపడితే చాలు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు."

"నాకెందుకు చెప్తావమ్మే?"

"వాళ్ళని ఆ టైముకి ఈడే ఉంచాల్సింది నువ్వే కదా." నవ్వింది. "ఇదైపోనీ, నీ పేరు రాసేది నేర్పిస్తా. నీ బొటనవేలికి రిటైర్మెంటు."

ఆ సాయంత్రమే పోయి ముదలాళికి చెప్పినా.

ఎందుకు? ఆయన నన్ను అడగను కూడా లేదు. ఇరవై ఏళ్ళు నేల మీద కూర్చోని వొలిచినాక నాకు దక్కిన ఆ ఒక్క ముక్కాలి, షెడ్డు మూస్తే పోతుందనా? లేకపోతే నాకెవురూ అడగని న్యాయం, నా వేళ్ళు పాసినప్పుడు ఒక్కరూ తియ్యని ఫొటో, నిన్నగాక మొన్న వచ్చినోళ్ళకి దొరకబోతా ఉందే అన్న కడుపుమంటా? ఏది ఎక్కువో ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నా. రెండూ నావే.

గురువారం ఇంకొకామె వచ్చింది. ఆమె గిన్నెకి నల్లదారం కట్టినా, దాంతో ఆరుగురైనారు.

శుక్రవారం ముదలాళి చెప్పినట్టే ఆరుగురినీ ఐసు రూములోకి పంపినా. "పది నిమిషాలే, పోండి పోండి" అని తోసింది నేనే. తాళమేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నా.

ఆఫీసరు వచ్చినాడు. వెనకాలే వసంతా భాస్కరూ.

"ఈడ ఎవరెవరు పనిచేస్తారు?" అని అరవంలో అడిగినాడు.

"నేనొక్కదాన్నే సామీ."

వసంత నేల మీద గిన్నెలు చూసింది. "మరి ఇవి?"

"నావే."

"ఆరూనా పెద్దమ్మా?"

అప్పుడు, సరిగ్గా పదకొండూ పదికి, లోపల్నుంచి తలుపు కొట్టినారు. మెల్లిగా. మళ్ళీ ఇంకోసారి. నేను కొయ్యసుత్తి తీసుకోని ఐసుగడ్డ పగలగొట్టడం మొదలుపెట్టినా. వాళ్ళు గట్టిగా కొట్టే కొద్దీ నేను ఇంకా గట్టిగా కొట్టినా. వసంత "ఆ తలుపు తీయించండి సార్" అని అరుస్తా ఉంది. "తీస్తే సరుకు పాడైతుంది" అన్నాడు నా పక్కనే నిలబడున్న ముదలాళి. ఆఫీసరు తడిసిన బూట్లు చూసుకోని, "చదువుకునే పిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ" అని ఆ పిల్లనే కసిరి బయటికి పోయినాడు. పోతా పోతా వసంత నా చేతిలో సుత్తిని చూసింది. నన్ను చూడలేదు.

తాళం తీసేసరికి పన్నెండు కావస్తా ఉంది. నల్లదారం ఆమె తలుపు కాడే పడిపోయుంది. వేళ్ళ కణుపులు చెక్కుకుపోయున్నాయి. ఊపిరి ఉంది. మిగతావాళ్ళు మోసుకోని పోయినారు. పచ్చదారం యోగమ్మ మాత్రం వెనక్కొచ్చి తన గిన్నెకున్న దారం తెంపేసి పోయింది.

మర్నాడు తెల్లారి వ్యాను వచ్చి వాళ్ళని ఎక్కించుకోని పోయింది. ఎక్కడికో ముదలాళి చెప్పలేదు. నేను అడగలేదు. వసంత మళ్ళీ రాలేదు. ముక్కాలి నాకే మిగిలింది.

అరవై దాటినాక సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నా. నా పేరు రాయమంటే ముందు వసంత అని రాసినా. పంతులమ్మ అది నా పేరే అనుకునింది.

నన్ను క్షమించొద్దు. నువ్వు ఆడ లేవు, అది నీ చేతిలో పని కాదు. చెయ్యి నొప్పెడతా ఉంది, రొమ్ము కొంచెం తేలికైంది. నాకది చాలు.

ఆ ఆఫీసరు అడిగినదానికి ఇప్పుడు జవాబు చెప్తున్నా. ఆ రోజు ఆడ ఉన్నది ఆయన, ముదలాళి, వసంత, భాస్కరు. తలుపు లోపల యోగమ్మ. పరమేశ్వరి. తంగరాణి. పుష్పం. రాసమలర్. నల్లదారం ఆమె, పేరు నేను అడగలేదు. తలుపు బయట, సుత్తి పట్టుకోని, నేను.