అమ్మను పంచుకున్న ఏడు

మొన్న మా గాంధీనగర్ వీధి మలుపులో కాలేజీ పిల్లలు లారీ నిలబెట్టుకుని, ఎక్కడో వరదలో చిక్కిన ఊళ్ళకని దుప్పట్లు, బియ్యం పోగుచేస్తున్నారు. నేనూ రెండు కొత్త దుప్పట్లు ఇచ్చి, ఇవి ఎవరికి చేరతాయని అడిగితే, ఒకమ్మాయి నా నెరిసిన తల చూసి నవ్వి "యాడ కావల్లో ఆడికి పోతాయి అజ్జీ" అంది. నా చిన్నతనంలో మా అమ్మ ఇచ్చింది ఎవరికి చేరిందో నాకు బాగా తెలుసు. ఆ చేరడం చూసి కుళ్ళిపోయినదాన్ని నేనే.

అప్పుడు మేము సిరిగేరిలో ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడు హగరి ఏరు పొంగి, దాని ఒడ్డున ఉన్న చిన్న పల్లె మొత్తం కూలిపోతే, ప్రాణాలతో బయటపడ్డవాళ్ళను మా ఊరి బడిలో పెట్టారు. మా వరిమడిలోనూ ఇసుక మేట వేసింది గానీ ఇంట్లో గింజలున్నాయి గనుక, అమ్మా మరో నలుగురు ఆడవాళ్ళూ ఇంటింటా బియ్యం అడిగి తెచ్చి బడి వసారాలో వంట మొదలుపెట్టారు. పట్నంలోని కౌల్ బజార్ వ్యాపారులు గుడ్డలూ బొంతలూ పంపారు. అంతవరకూ నాకు ఏ బాధా లేదు, పైగా బడి లేదని సంతోషం కూడా.

నా ఈడు పిల్ల ఒకతె మా ఇంటికి రావడంతో మొదలైంది బాధంతా. దాని తల్లీ తండ్రీ నీళ్ళలో పోయారు, చూపు ఆనని అవ్వ ఒక్కతే మిగిలింది. తల జడలు కట్టిందని అమ్మ రోజూ పిలుచుకొచ్చి, తలంటి, చిక్కు తీసి, నాకు దసరాకని కుట్టించిన ఎర్రంచు లంగా దానికి కట్టింది. లంగా కోసం రెండు రోజులు ఏడ్చి మరిచిపోయాను. మరిచిపోలేనివి అమ్మ చేతులు. పొయ్యి మీద ఎసరు చూస్తూ నా జుట్టును గబగబా లాగే ఆ చేతులే, దాని తల దగ్గర మాత్రం ఇంట్లో ఇంకే పనీ లేనట్టు నిదానించేవి. అన్నం కలిపి పెడితే మొదటి ముద్ద దానికే. అడిగితే, "దానికి ఎవరుండారే? నీకు నేనుండా గదా" అనేది. ఉండి ఏం లాభమని లోలోపల రగిలిపోయేదాన్ని.

ఒకరోజు అమ్మ నీళ్ళకు పోయినప్పుడు, గడప మీద కూర్చున్న ఆ పిల్లతో అనేశాను. "లంగా ఇచ్చినాము గానీ, మా అమ్మను నీకు ఇయ్యలేదు. మీ అవ్వ దగ్గరికి పో."

అది లేచింది. లోపలికి వెళ్ళి, తన పాత గౌను వేసుకుని, లంగా మడిచి నా పక్కన పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

నేను చెప్పకపోయినా, మడిచిన లంగా చూసి అమ్మ గ్రహించింది. కొట్టలేదు, తిట్టలేదు. దువ్వెన, నూనె గిన్నె తీసుకుని తనే బడికి పోయి, అంతమంది మధ్య కూర్చుని దాని తల దువ్వి వచ్చింది. తర్వాత లంగా నా చేతిలో పెట్టి, "నువ్వే పోయి ఇచ్చిరా" అంది. వెళ్ళాను. "మా అమ్మ రమ్మంటాంది" అన్నాను; నేను రమ్మంటున్నానని చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

మెరకన ఇళ్ళు కట్టించి ఇచ్చేదాకా, ఏడాదికి పైగా, అది మా ఇంటి పిల్లలాగే తిరిగింది. పెళ్ళయి సిరుగుప్పకు వెళ్ళాక కూడా అమ్మను చూడటానికి వస్తూనే ఉండేది. అమ్మ మంచం పట్టి నా దగ్గర ఉన్నప్పుడు, వండి పెట్టి, మందులు మింగించి, అన్నీ చేసేదాన్ని నేనైతే, అది వచ్చి ఆ నెరిసిన జుట్టు నాలుగు మార్లు దువ్వగానే అమ్మ ముఖం తేటపడేది. యాభై దాటిన వయసులో తలుపు పక్కన నిలబడి మళ్ళీ కుళ్ళుకున్నాను. అమ్మ పోయిన రోజు అది నాకంటే గట్టిగా ఏడ్చింది. పరామర్శకు వచ్చిన ఒకాయన దాన్నే చూసి, "నువ్వు పెద్ద కూతురా అమ్మా?" అని అడిగాడు. అది బెదురుగా నా వైపు చూసింది.

"ఔనప్పా, మా అక్కే" అన్నాను నేను.

ఇప్పటి సాయాన్ని తక్కువ చేయను. ఆ రోజుల్లో లేనంత వేగంగా తిండీ గుడ్డా చేరుతున్నాయి, ఎన్నో కుటుంబాలు మళ్ళీ నిలదొక్కుకుంటున్నాయి. మా కాలంలో ఇచ్చేవాళ్ళకూ పుచ్చుకునేవాళ్ళకూ మధ్య ఒక్క వీధి దూరమే ఉండేది గనుక, నాలాంటివాళ్ళ ఓర్వలేనితనమూ మధ్యలో పడి నలిగేది. ఈనాటి పిల్లలకు తమ అమ్మను ఎవరితోనూ పంచుకోవలసిన పని లేదు. అది వాళ్ళ అదృష్టమో కాదో, ఇంత వయసు వచ్చినా నాకు తేలడం లేదు.