రెండు పక్షాల ప్రసన్నకుమారి

తిరుపతి కొర్లగుంటలో ప్రసన్నకుమారి ఇల్లు ఎక్కడంటే ఎవరూ చెప్పలేరు. తెలుగు మేడం ఇల్లంటే వీధి వీధంతా చెయ్యి చూపిస్తుంది. పలమనేరు దగ్గర పాడీ పంటా ఉన్న ఇంట్లో పుట్టి, బీఈడీ చదివి, కరెంటాఫీసు గుమాస్తా జయచంద్రను కట్టుకుని ఈ ఊరొచ్చింది. ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో తెలుగు చెప్పేది. అటువంటి స్కూల్లో తెలుగు మేడమంటే పెళ్లింట్లో ముసలి నాయనమ్మతో సమానం. అందరూ దండం పెడతారు, ఎవరూ ఏమీ అడగరు.

ఒక్క ఆగస్టు నెలలో మాత్రం అడిగేవాళ్లు. స్వాతంత్ర్య దినానికి డిబేటు పోటీ జరిగేది. అంశం ఏదైనా అనుకూల ఉపన్యాసాలూ ప్రసన్నకుమారే రాయాలి, వ్యతిరేక ఉపన్యాసాలూ ఆమే రాయాలి. పిల్లలు బట్టీ పట్టి వేదిక మీద అప్పజెప్పేవాళ్లు. తన వాదాన్ని తానే ఖండించుకుని, ఆ ఖండనను తానే తిప్పికొట్టి, చివరికి ఎవరు గెలిచినా ఓడింది కూడా తానేనని ఆమె ఇంటికొచ్చి నవ్వుకునేది. న్యాయనిర్ణేత శేషసాయి గారు దేవస్థానం ఆఫీసులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. గొంతు పెద్దదైన వాళ్లకు మొదటి బహుమతి, చేతులు బాగా ఊపిన వాళ్లకు రెండోది ఇచ్చేవారు.

తొంభై ఎనిమిదిలో అంశం, టీవీ వల్ల మేలా కీడా. ఎనిమిదో తరగతి సునీల్‌కుమార్ కీడు అనాల్సినవాడు. కాగితాలు తారుమారై, మేలు చెప్పే ఉపన్యాసం బట్టీ పట్టాడు. వేదికెక్కి, "టీవీ వల్ల కలిగే కీడు గురించి మాట్లాడతాను" అని మొదలుపెట్టి, దానివల్ల కలిగే మేళ్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి, టీవీ లేని ఇల్లు దీపం లేని గది అని ముగించి దిగాడు. హాలంతా చప్పట్లు. శేషసాయి గారు వాడికే మొదటి బహుమతి ఇచ్చి, "టీవీని ఇంత నిర్మొహమాటంగా ఎండగట్టిన కుర్రవాణ్ణి నేను చూడలేదు" అన్నారు.

ప్రసన్నకుమారికి నవ్వు రాలేదు. నేరుగా కరస్పాండెంటు తిరుమలయ్య గదికి పోయింది.

"సార్, ఆ పిల్లోడు మాట్లాడింది ఎదుటి పక్షం."

"అయితే ఏం మేడం? షీల్డు ఎవురికొచ్చినా మన స్కూల్లోనే ఉండాది గదా."

"వాదనంటే ఎదుటోళ్లు చెప్పేది వినాల గదా సార్."

"ఎదుటోళ్లదీ మీరే రాసిస్తిరి. మీకు తెలిసిందే మళ్లీ వినేదేముండాది?" అని ఆయన ఫైలు తెరిచాడు.

ఆ మాట నిజమే. నిజం కావడమే ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఆ ఏడు పరీక్షలు అయిపోగానే ఉద్యోగం మానేసింది. మిద్దె మీద ఆదివారాలు పిల్లలకు తానే వాదన నేర్పుతానంది.

"నాతో వాదించేది చాలక ఊరోళ్ల పిల్లోళ్లకు కూడానా?" అన్నాడు జయచంద్ర. అన్నాడే గానీ, ఆఫీసులో మిగిలిన రంగు తెచ్చి రేకు మీద 'పిల్లలకు వాదన నేర్పబడును' అని తనే రాసి మెట్ల దగ్గర తగిలించాడు.

ఆ రేకు చూసి మొట్టమొదట వచ్చింది పిల్లలు కాదు, ఏర్పేడు నుంచి ఒక రైతు. సంకలో కాగితాల కట్ట. గట్టు తగాదా. లాయరమ్మ అనుకుని ఏకబిగిన కథంతా చెప్పాడు. అంతా విని ఆమె, "సరే, అవతలాయన ఏమంటాడు?" అని అడిగింది. "వాడనేది ఇనాలంటే నీదాకా యాల వస్తా తల్లీ?" అని లేచి పోయాడు.

తరువాత ఒక తల్లి వచ్చింది. ఇది ఇంజనీరింగు పరీక్షకు పనికొస్తుందా అని అడిగింది. రాదంది ప్రసన్నకుమారి.

"ఇంక దేనికి పనికొస్తాది?"

"ఎదుటి మనిషితో మాట్లాడేదానికి."

"దానికి క్లాసెందుకు మేడం, ఇంట్లో మేముండాము గదా" అని ఆ తల్లి కూడా మెట్లు దిగింది.

ఎట్లాగో గుప్పెడు మంది పిల్లలు చేరారు. అక్కడ కాగితం చూడకూడదు. ఏ పక్షమో చీటీ తీసి తెలుసుకోవాలి. అన్నిటికన్నా పెద్ద నియమం, ఎదుటివాడు చెప్పింది తన మాటల్లో తిరిగి చెప్పి, అతను అవునని తలూపాకే జవాబివ్వాలి. మొదట్లో ఆ తలూపించే దగ్గరే పొద్దు గడిచిపోయేది.

ఆ పిల్లల్లో మహిత తొమ్మిదో తరగతి. వాళ్ల నాయన గంగాధరానికి సిమెంటు అంగడి. కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడు కూడా. కూతురు మైకు ముందు భయపడకుండా మాట్లాడాలని ఆయన కోరిక. అది తొందరగానే తీరింది.

కాలనీలో కొత్త నీళ్లట్యాంకు ప్రారంభం. పై ఊరి నుంచి ముఖ్య అతిథి వచ్చాడు. గంగాధరం కూతుర్ని మాట్లాడమన్నాడు. ట్యాంకు కోసం తన నాయన ఎన్ని ఆఫీసులు తిరిగాడో, ఎంతమందిని బతిమాలాడో మహిత చక్కగా చెప్పింది. జనం మర్యాదకు చప్పట్లు కొట్టారు. గంగాధరం కండువా సర్దుకున్నాడు. అప్పుడా పిల్ల, "ఇప్పుడు రెండో పక్షం" అంది. ట్యాంకుంది, తూర్పు వీధికి పైపు లేదు. స్థలం ఎంచేటప్పుడు ఆ వీధివాళ్లను ఎవరూ అడగలేదు. ఎంచిన స్థలం మా ఇంటి పక్కనే అని ముగించింది. ఈసారి జనం మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు.

మరునాడు పొద్దున్నే గంగాధరం మిద్దెక్కాడు.

"ఏం నేర్పిస్తా ఉండారు మేడం? నలుగురిలో నా బిడ్డే నా పరువు తీసింది. నేనింక ఆ వీధిలో తలెత్తుకుని యాడ తిరిగేది?"

"కూర్చోన్నా. నీ మాట నాకర్థమైందో లేదో చెప్తాను, తప్పైతే దిద్దు" అంది ప్రసన్నకుమారి. "ఏడాదిగా చెప్పులరిగేట్టు తిరిగింది నువ్వు. ఒక్క దినమూ నీ వెంట ఎవురూ రాలే. తీరా పనయినాక, రాని వాళ్ల తరఫున నీ బిడ్డే నిలబడేసరికి, నువ్వు పడిన పాటంతా మట్టిలో కలిసినట్టనిపించింది. అంతేనా?"

గంగాధరం అప్పుడు కూర్చున్నాడు. "అంతే మేడం. నేనే ఇంత బాగా చెప్పలేకపోతిని. మా ఇంట్లో కూడా ఎవురూ ఇట్ల ఇనలేదు" అన్నాడు.

"ఇప్పుడు నా మాట. ఆ వీధికి పైపు లేనిది నిజమేనా?"

"నిజమే" అని ఆమె ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, బేరానికి దిగాడు. "ఒక పని చెయ్యండి. పాపకు అనుకూల పక్షం వరకూ నేర్పించండి. రెండోది మాకొద్దు. ఫీజు మాత్రం మొత్తం ఇస్తాను."

ఆమె నవ్వాపుకుని, "అట్ల విడగొట్టి నేర్పేది నాకు రాదన్నా" అంది. ఆయన మహితను మాన్పించాడు.

కొన్ని వారాలకు మళ్లీ వచ్చాడు. మనిషి కొంచెం వాడిపోయాడు.

"ఏమడిగినా 'నీ ఇష్టం నాయనా' అంటాది మేడం. అంగడికి ఏ రంగెయ్యాల అంటే నీ ఇష్టం. తిట్టినా నీ ఇష్టమే. ఆ మాట ఇంటా ఉంటే కూడు సయించలేదు. మీరు రెండు పక్షాలూ నేర్పించండి, నేనెట్లో పడతాను."

ఆయన మళ్లీ వస్తే గెలిచినట్టుంటుందని ప్రసన్నకుమారి అనుకుంది. తీరా చూస్తే ఆయన మీద జాలేసింది. మహిత ఆ ఆదివారమే వచ్చింది.

క్లాసు పేరు ఊళ్లో పాకింది. పాత స్కూలువాళ్లు ఒక ఏడు ఆమెనే న్యాయనిర్ణేతగా పిలిచారు. ఒక పాప ఉపన్యాసం మధ్యలో ఆమె ఆపి, నువ్వన్న మాటకు ఒక ఉదాహరణ చెప్పమ్మా అంది. పాప టీచరు వంక చూసింది, టీచరు కాగితం వంక చూసింది, తిరుమలయ్య గడియారం వంక చూశాడు. మళ్లీ ఆమెను పిలవలేదు.

మిద్దె మీద గోల మాత్రం పెరిగింది. ఇంటి యజమానురాలు శకుంతలమ్మ ఒక ఆదివారం చీపురు పట్టుకునే పైకొచ్చి, క్లాసు ఎత్తేయమంది. పిల్లలు ఆమెకు చాప వేసి, మీ పక్షం చెప్పండి అవ్వా అన్నారు. ఆమె మధ్యాహ్నం దాకా చెప్పింది. గోలతో మొదలుపెట్టి, కోడలి దాకా, కాలం చేసిన మొగుడి దాకా పోయింది. పిల్లలు ప్రతిమాటా తిరిగి చెప్పి, అంతేనా అవ్వా అని అడుగుతూ వచ్చారు. పై ఆదివారం ఆమె అందరికన్నా ముందొచ్చింది. చాప మీద కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని తన కుర్చీ కూడా తెచ్చుకుంది.